మూడో కిటికీ పరదా

ఉదయం ఆరున్నరకి వంతెన మీద చెప్పులు దొరికాయి. ఏడింటికి రెయిలింగుకి చిక్కుకున్న శాలువా దొరికింది. ఏడు నెలలు గడిచినా మనిషి మాత్రం దొరకలేదు.

డిటెక్టివ్ తన నోటుపుస్తకంలో ఈ మూడు వాక్యాలూ మరోసారి చదువుకుని, ఎదురుగా కుట్టుమిషను మీద వంగి ఉన్న పెద్దావిడ వైపు చూసింది. ఆ వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మే. దొరకని ఆ మనిషి ఆవిడ ఒక్కగానొక్క కూతురు.

"మీ అమ్మాయిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"చూడటమా, వినడమా?" మిషను ఆపకుండానే అడిగింది టైలరమ్మ.

"చూడటం."

"ముందురోజు మధ్యాహ్నం రెండింటికి. మీరు కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చుని గౌను అంచు కుడుతోంది."

"వినడం?"

"పోయిన బుధవారం పదకొండింటికి."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. "ఆత్మల్ని పిలిచే ఆ ఓదార్పమ్మ ఇంట్లోనా?"

"ఇంకెక్కడమ్మా? 'అమ్మా, దారాన్ని నోట్లో తడపకు, చిగుళ్ళు పాడవుతాయి' అంది నా తల్లి. చిన్నప్పటి నుంచి అదే పోరు. ఆ ఓదార్పమ్మకెలా తెలుస్తుంది చెప్పండి?"

"టైలర్లందరూ దారం నోట్లోనే తడుపుతారు. ఊహించడానికి ఆత్మలక్కర్లేదు."

మిషను ఆగింది. టైలరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కోపం లేకుండా, జాలిగా చూసింది. "మీరు మా అల్లుడు పెట్టిన మనిషని నాకు తెలుసు. ఆయన మంచివాడే. నేను మోసపోతున్నానని ఆయన బాధ. కానీ ఒక్క మాట. ఓదార్పమ్మ అబద్ధమని మీరు తేల్చేస్తే, నాకింక బుధవారాలుండవు."

ఇరవై రెండేళ్ళుగా డిటెక్టివ్ దొంగసాక్ష్యాలు విప్పింది, కంతల్లోంచి పొగ తెప్పించే స్వాములని పట్టించింది. ఆ మాటకి మాత్రం నోటుపుస్తకం మూసింది. లేచి గోడ మేకుకి వేలాడుతున్న గౌను దగ్గరికి వెళ్ళింది.

"ఇదేనా ఆ రోజు కుట్టింది?"

"అదే. సగం అంచు మిగిలిపోయింది. కస్టమరుకి వేరేది కుట్టిచ్చాను. ఇది ఇవ్వబుద్ధి కాలేదు."

అంచు తిరగేసి చూస్తే కుట్లన్నీ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి, గాలికి ఒరిగిన గడ్డిలా.

"దానిది ఎడమచేతి వాటం," అంది టైలరమ్మ. "పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుదామంటే ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అద్దంలో చూసినట్టు నన్ను చూసి నేర్చుకుంది. నా కుట్టు కుడికి వాలుతుంది, దానిది ఎడమకి. ఇంకో సంగతి చూడండి, జానెడుకొకసారి ఒక కుట్టు వెనక్కి వేస్తాం. దారం తెగినా జానెడే ఊడుతుంది, అంచంతా ఊడిపోదు. బజారు టైలర్లకి అంత తీరికెక్కడిది? మా అమ్మ నాకు నేర్పింది, నేను దీనికి. అంతటితో సరి."

పదీ ఇరవైకి బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. అల్లుడు స్కూల్లో సైన్సు మాస్టారు, సెలవుల్లో ఉన్నాడు. మాట మెత్తన, నడక మెత్తన. లోపలికొస్తూనే, "అత్తయ్యా, షుగర్ మాత్ర వేసుకున్నారా?" అని అడిగి, ఆవిడ నాలుక కరుచుకోగానే తనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

కారెక్కేముందు డిటెక్టివ్‌తో నెమ్మదిగా అన్నాడు. "ఓదార్పమ్మ నన్ను గడప దాటనివ్వదు మేడమ్. నమ్మకం లేనివాళ్ళొస్తే ఆత్మలు రావట. ఎదురుగా కార్లోనే ఉంటాను. చిన్న ఆధారం దొరికినా వెంటనే చెప్పండి."

"అది నా పద్ధతే," అంది డిటెక్టివ్. "దొరికిన నిమిషమే కబురు పెడతాను."

పదీ నలభైకి ఇద్దరు ఆడవాళ్ళూ ఓదార్పమ్మ ఇంటి మెట్లెక్కారు. మేడ మీద ముందుగది, దానికి వరసగా మూడు కిటికీలు, వెనక్కి వెళ్ళే తలుపొకటి, అది మూసి ఉంది. మధ్యలో బల్ల, నాలుగు కుర్చీలు. ఓదార్పమ్మకి అరవై ఐదు దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు, బిగుతు ముడి, చేతులు మాత్రం పనిమనిషివి.

"ఈవిడ నాకు తెలిసినావిడ," అని మొదలుపెట్టింది టైలరమ్మ. "భర్త పోయారు. ఒక్కసారి మాట్లాడదామని..."

"అబద్ధం నీకు అచ్చిరాదు చెల్లీ, ఊరుకో," అని నవ్వింది ఓదార్పమ్మ. తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగింది. "గది చూడటానికొచ్చారు. చూడండి. బల్ల కింద కూడా చూడండి. నడుము జాగ్రత్త."

డిటెక్టివ్ నిజంగానే బల్ల కింద చూసింది. తీగల్లేవు. గోడలు తట్టింది. బోలు శబ్దం లేదు. స్పీకర్లు లేవు, అద్దాలు లేవు. ఓదార్పమ్మ చేతులు కట్టుకుని, ఇల్లు ఊడ్చే మనిషికి దారిచ్చినట్టు అటూ ఇటూ జరుగుతూ నిలబడింది.

"మీ ఆయన పోయి మూడేళ్ళా, నాలుగా?" అంది హఠాత్తుగా.

"నా వేలికి ఉంగరం మచ్చ చూసి చెబుతున్నారు."

"అవును. అలాగే చెబుతాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని డిటెక్టివ్ ఇంతవరకూ చూడలేదు. "అంటే ఇదంతా నాటకమని మీరే ఒప్పుకుంటున్నారా?"

"ఇరవై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేశానమ్మా. పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చోవడమే నా డ్యూటీ. ఒక్కోసారి వాళ్ళు పోయాక కూడా ఏదో వినపడేది. నిజంగానే. ఎప్పుడు వినపడుతుందో నా చేతిలో లేదు. వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపలేను కదా. అందుకని మిగతా రోజుల్లో కల్పిస్తాను."

"దాన్నే మోసమంటారు."

"అనండి. మీరు పొద్దున్నే ఇంకా రెండు కప్పుల్లో కాఫీ పోస్తున్నారా, మానేశారా?"

ఆ పొద్దున కూడా డిటెక్టివ్ ఇంట్లో రెండో కప్పు చల్లారేదాకా బల్ల మీదే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకి తనే కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

"అది మోసమైతే," అంది ఓదార్పమ్మ మెల్లగా, "మీరు రోజూ ఆ కప్పుని మోసం చేస్తున్నట్టే."

మొహం కనపడకుండా డిటెక్టివ్ కిటికీ వైపు తిరిగింది. మూడు కిటికీలకీ నల్లటి మందపాటి పరదాలు. నిన్న ఇంటి ఓనరు ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. ఆవిడొచ్చి ఐదు నెలలైందనీ, ఒక్కతే ఉంటుందనీ, తన ఇంటి కిటికీలు వంకర కొలతలు కాబట్టి బజారు పరదా ఏదీ పట్టదనీ, అన్నీ ఆవిడే కుట్టించుకుందనీ చెప్పాడు. డిటెక్టివ్ ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు మూడో కిటికీ పరదా అంచు తిరగేసింది.

కుట్లు ఎడమకి వాలి ఉన్నాయి.

జానపెట్టి చూసింది. వెనక్కి ఒక కుట్టు. మళ్ళీ జాన. మళ్ళీ వెనక్కి ఒక కుట్టు.

అమ్మాయి పోయి ఏడు నెలలు. ఈ కిటికీలకి పరదాలు పడి ఐదు నెలలు. చచ్చిపోయినవాళ్ళు పరదాలు కుట్టరు.

పదకొండూ పన్నెండుకి డిటెక్టివ్ ఫోను తీసి మాస్టారికి నాలుగు మాటలు పంపింది: "ఆధారం దొరికింది. కాసేపు ఆగండి." ఫోను సంచిలో పెట్టి టైలరమ్మని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకొచ్చింది.

"అమ్మా, ఇది ఎవరి కుట్టో చెప్పండి."

"వద్దు," అంది ఓదార్పమ్మ. "చెల్లీ, నీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకు."

అప్పటికే అంచు టైలరమ్మ వేళ్ళ మధ్య ఉంది. ఆవిడ చూడలేదు. కళ్ళు మూసుకుని తడిమింది, జపం చేసుకునేవాళ్ళు పూసలు తిప్పినట్టు. తర్వాత రెండో కిటికీకి వెళ్ళింది. తర్వాత మొదటి కిటికీకి. అక్కడ చాలాసేపు ఆగిపోయింది.

"ముందు ఇది కుట్టింది," అంది. "కుట్లు తడబడ్డాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సూది పట్టు దొరకట్లేదు దానికి. చెయ్యి నొప్పి. చాలా నొప్పి." రెండో పరదా దగ్గరికొచ్చింది. "ఇక్కడ కొంచెం నయం. మధ్య మధ్యలో ఆపింది." మూడోది పట్టుకుంది. "ఇక్కడ తగ్గింది. ఇదిగో, ఇది నా బిడ్డ కుట్టు." కళ్ళు తెరిచి ఓదార్పమ్మ వైపు చూసింది. "దాని చేతికేమైంది అక్కా?"

ఓదార్పమ్మ కుర్చీలో కూలబడింది. "అరవకు. అతను కిందే ఉన్నాడు."

"ఎవరు?"

"నీ అల్లుడు. సూది పట్టే చేతిని తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. అంతకుముందు కాలిన చేతికి, చిట్లిన పెదవికి ఆస్పత్రిలో నేనే మూడుసార్లు కట్టు కట్టాను. ఒకసారి పోలీస్ స్టేషనుకి కూడా వెళ్ళింది పిల్ల. మాస్టారు బంగారమని చెప్పి వాళ్ళే ఇంటి దగ్గర దింపి వచ్చారు. నాలుగోసారి నా గుమ్మం తొక్కింది. ఇంక పంపలేదు. చెప్పులూ శాలువా వంతెన మీద పెట్టింది నేనే. బతికుందని తెలిస్తే వెతుకుతాడు కదా."

"నాకైనా చెప్పలేదే!"

"నీ మొహంలో దాగదు చెల్లీ. అతను రోజూ నీ మొహం చూస్తాడు. అందుకే బుధవారం బుధవారం..." ఓదార్పమ్మ మూసి ఉన్న తలుపు వైపు చూసింది. "నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ నేను కల్పించింది లేదు. ఆ తలుపు వెనక కూర్చుని అది చెప్పేది, నేను నీకు అప్పజెప్పేదాన్ని."

టైలరమ్మ ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు తీయలేదు. అరచెయ్యి చెక్క మీద ఆనించింది. లోపలి నుంచి కూడా ఏదో మెత్తగా ఆనిన చప్పుడు వచ్చింది.

ఇన్ని నెలలుగా తల్లి కూతురితో మాట్లాడుతూనే ఉంది. ఆవిడ నమ్మకంలో తప్పు లేదు. తప్పంతా డిటెక్టివ్ పంపిన కబురులో ఉంది. "నేను ఆయనకి కబురు పెట్టాను," అంది డిటెక్టివ్. మెట్ల మీద అడుగులు అప్పుడే వినపడుతున్నాయి. మెత్తటి అడుగులు.

"అమ్మా, వచ్చి కుర్చీలో కూర్చోండి. కొంగులో మొహం దాచుకోండి. ఎంత పిలిచినా తియ్యకండి," అంది టైలరమ్మతో.

పదకొండూ ఇరవైకి మాస్టారు తలుపు తట్టి, జవాబు కోసం చూడకుండా లోపలికి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు పక్కపక్కన సర్ది విడిచాడు. కొంగులో తలదాచుకుని వణుకుతున్న అత్తగారిని, బల్ల దగ్గర ఓదార్పమ్మని, కిటికీ దగ్గర డిటెక్టివ్‌ని వరసగా చూశాడు.

"క్షమించండి, ఆగలేకపోయాను. ఏం దొరికింది మేడమ్?"

ఇరవై రెండేళ్ళలో డిటెక్టివ్ క్లయింటుకి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ పేరు మీదే బతికింది.

"మీరనుకున్నది తప్పు మాస్టారూ. ఈవిడ నిజమే. మీ ఆవిడ పోయింది."

"ఆధారం?"

"మా ఆయన పోయి నాలుగేళ్ళు. పొద్దున్నే ఆయన కప్పులో కూడా కాఫీ పోస్తాను. ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. ఈవిడకి తెలిసింది."

అది చెబుతుంటే ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అబద్ధంలోని ఆ నిజం ఒక్కటే ఆవిడని కాపాడింది. మాస్టారు తప్పు లెక్క చేసిన మంచి విద్యార్థిని చూసినట్టు చూశాడు.

"మీలాంటివాళ్ళు కూడా ఇంతేనా?" అన్నాడు బాధగా. "పోనీలెండి. మా సబ్జెక్టులో ఒక పద్ధతుంది. ఒకరు చూస్తే సరిపోదు, ప్రయోగం మళ్ళీ చెయ్యాలి. రేపు పదకొండింటికి నేనే వస్తాను. ఒక్కటే ప్రశ్న. ఆ సాయంత్రం ఇల్లు వదిలే ముందు ఆమె నాతో అన్న ఆఖరి మాట ఏమిటి? మా ఇద్దరికే తెలుసు. సరిగ్గా చెబితే నమ్మేస్తాను." ఓదార్పమ్మకి నమస్కారం పెట్టాడు. "అత్తయ్యని నేనే ఇంటికి దింపుతాను. కింద ఉంటాను, పంపించండి."

అడుగులు మెట్లు దిగాక, వీధి తలుపు మూసుకున్నాక, లోపలి తలుపు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళ సన్నటి అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది. తల్లిని చూసి అడుగు ముందుకు వేసింది. మళ్ళీ ఆగింది. ముందు చెప్పాల్సింది చెప్పాలన్నట్టు డిటెక్టివ్ వైపు తిరిగింది.

"విన్నాను. ఆ రోజు నేనాయనతో ఒక్క మాటా అనలేదండీ. తలుపు మూసినప్పుడు కూడా నోరు విప్పలేదు. అరిస్తే ఆయనకి కోపం పెరుగుతుంది."

డిటెక్టివ్ మనసు అలవాటు కొద్దీ పరుగెత్తింది.

"అయితే ఈవిడ రేపు 'ఏమీ అనలేదు' అని చెబితే అది సరైన జవాబు. ఆయన కాక ఆ జవాబు తెలిసేది చచ్చి ఆత్మవైన నీకో, బతికున్న నీకో. ఆత్మలు లేవని ఆయనకి గట్టి నమ్మకం. నాకున్నంత గట్టి నమ్మకం. ఇంక మిగిలేది ఒకటే. ఇల్లు వెతికిస్తాడు." ఓదార్పమ్మ వైపు తిరిగింది. "రేపు మీరు తప్పు చెప్పాలి. ఏదో ఒక తియ్యటి మాట, వెళ్ళొస్తాననో, జాగ్రత్తనో. ఆయన నవ్వుకుని వెళ్ళిపోతాడు. మోసగత్తె ఇంట్లో మనిషిని వెతకడు."

"ఊరంతా చాటుతాడు," అంది ఓదార్పమ్మ.

"చాటుతాడు. నేను మీ చేతిలో మోసపోయిన మొద్దునని కూడా చాటుతాడు. నాకింక ఒక్క కేసు రాదు."

"నా సంగతికేం? తప్పు చెప్పడం నాకు కొత్తా?" ఓదార్పమ్మ చేతుల వైపు చూసుకుంది. "ఆదివారాలు ఒక ముసలాయన వస్తాడు. భార్యతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళి కడుపునిండా తింటాడు. రేపటి నుంచి ఆయనకి ఇన్నాళ్ళూ విన్నవన్నీ అబద్ధమైపోతాయి. వాటిల్లో నిజమైనవి కూడా ఉన్నాయమ్మా. ఏవో నాకే తెలీదు." తర్వాత తల ఎత్తింది. "సరే. రేపు పదకొండుకి నేను మోసగత్తెని. ఈలోగా పిల్లని ఎక్కడికి చేరుస్తారు?"

"మా ఇంటికి," అంది డిటెక్టివ్. ఆలోచించకుండానే అంది. "రెండో కప్పు ఎలాగూ ఉంది."

కింద హారన్ మోగింది. రెండుసార్లు.

అందరూ టైలరమ్మ వైపు చూశారు. కొంగు జారిపోయింది. ఆవిడ మొహం దీపం పెట్టిన గదిలా వెలిగిపోతోంది.

"అమ్మా, ఇలా వెళ్తే అయిపోయినట్టే," అంది డిటెక్టివ్. "ఏడుస్తూ దిగాలి."

"ఏడుస్తాను," అంది టైలరమ్మ. కళ్ళు గట్టిగా మూసింది, పెదాలు బిగించింది. లాభం లేకపోయింది. నవ్వు ఒక మూల నుంచి తప్పించుకుంది. "ఏడు నెలలు ఏడ్చానమ్మా, మిషను మీద గుడ్డలన్నీ తడిసేలా. ఇప్పుడు ఒక్క చుక్క రావట్లేదు. ఏం చెయ్యను?"

కూతురికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన ఎడమచెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టింది. టైలరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క కణుపూ తడిమింది. చూపుడువేలి దగ్గర ఎముక వంకరగా అతుక్కుంది. దాని పక్కవేలు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఈ చెయ్యి పుట్టినప్పుడు ఎంతుండేదో, సూది మొదటిసారి గుచ్చుకున్నప్పుడు ఎవరు నోట్లో పెట్టుకుని రక్తం పీల్చారో ఆ తల్లికి తెలుసు.

నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. గొంతు లోతుల్లోంచి ఒక శబ్దం వచ్చింది. డిటెక్టివ్ జీవితంలో ఎన్నో చావు ఇళ్ళు చూసింది, ఏ చావు దగ్గరా అలాంటి శబ్దం వినలేదు.

"చాలమ్మా," అంది కూతురు. "వెళ్ళు. పట్టుకుని దిగు."

టైలరమ్మ మెట్లు దిగింది, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని, ఏడుస్తూ. పరదా సందులోంచి డిటెక్టివ్ కిందికి చూసింది. మాస్టారు ఎదురొచ్చి అత్తగారి భుజాల చుట్టూ చెయ్యి వేశాడు, కారు తలుపు తెరిచాడు, కొంగు తలుపులో పడకుండా జాగ్రత్తగా సర్దాడు. అతని మాట మేడ మీదికి కూడా మెత్తగా, స్పష్టంగా వినపడింది.

"ఊరుకోండి అత్తయ్యా. రేపటితో అన్నీ తేలిపోతాయి. రేపు మీరూ నాతో రండి, మీ మొహం చూస్తుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."